మైనస్ 7 సైటుకి 1.74 లెన్సు వేయించినా అంచుల్లో రంగులు, పాతదానికంటే మందం: ఎందుకిలా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కుడి కంటికి మైనస్ 7, ఎడమకి మైనస్ 6.5, పీడీ (రెండు కనుపాపల మధ్య దూరం) 60 మిల్లీమీటర్లు. ఇన్నాళ్ళూ 48-18 సైజు (లెన్సు వెడల్పు 48, ముక్కు మీది వంతెన 18 మిల్లీమీటర్లు) చిన్న ఫ్రేములో 1.60 ఇండెక్సు లెన్సులు వాడారు. ఇప్పుడు 54-18 పెద్ద చదరపు ఫ్రేము నచ్చి, షాపులో "మీ సైటుకి 1.74 అయితేనే పలచగా వస్తుంది" అంటే పాతవాటికి మూడింతలు డబ్బు పెట్టి వేయించుకున్నారు. తీరా పెట్టుకుంటే పక్కకి చూసినప్పుడు ట్యూబులైటు చుట్టూ నీలం, పసుపు అంచులు, మెట్లు దిగుతుంటే నేల వాలుగా ఉన్నట్టు ఉండటం, పైగా అంచు పాత కళ్ళజోడుకంటే మందంగానే ఉంది. లెన్సు నకిలీదా, పవరు తప్పు వేశారా అని మీ అనుమానం. చివర్లో ఇంకో మాట రాశారు: "ఇండెక్సు ఎక్కువైతే కాంతిని ఎక్కువ వంచుతుంది కదా, మరి చూపు ఇంకా బాగుండాలి కదా?"

నేను 26 ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మొదట్లో గాజు లెన్సుల్ని రాయి మీద చేత్తో అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టేవాళ్ళం, ఇప్పుడు మిషనే కోసి ఇస్తోంది. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే లెన్సు నకిలీది కాకపోవచ్చు, పవరు కూడా సరిగ్గానే ఉండొచ్చు. ఆ ప్లాస్టిక్కు గుణం, ఆ ఫ్రేము సైజు కలిసి చేస్తున్న పని ఇది. ఫిట్టింగులో తేడా ఉండే అవకాశం కూడా ఉంది, దాన్ని ఇంట్లోనే ఎలా చూసుకోవాలో కింద చెబుతాను. కానీ ముందు మీ చివరి మాట దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే షాపులకి వచ్చేవాళ్ళలో చాలామంది అదే అనుకుంటారు, అమ్మేవాళ్ళలో కూడా కొందరు అదే చెబుతారు.

కాంతి శూన్యంలో సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది, గాలిలో కూడా ఇంచుమించు అంతే. నీళ్ళలోకి దిగితే 2.25 లక్షలకి పడిపోతుంది, మామూలు గాజులో 2 లక్షల దగ్గరికి వస్తుంది. ఎన్ని రెట్లు నెమ్మదించిందో చెప్పే అంకే వక్రీభవన గుణకం, మన షాపు భాషలో ఇండెక్సు. నీటికి 1.33, సీఆర్-39 అనే మామూలు ప్లాస్టిక్కుకి 1.50, కళ్ళద్దాలకి వాడే గాజుకి 1.52, పాలీకార్బొనేట్‌కి 1.59, తర్వాత 1.60, 1.67, 1.74 అని మీరు షాపులో వినేవి. వజ్రానికైతే 2.42. మీ కొత్త లెన్సులో కాంతి సెకనుకి 1.72 లక్షల కిలోమీటర్లే పోతోందన్నమాట.

నెమ్మదించినంత మాత్రాన వంగదు. నిటారుగా తగిలిన కిరణం నెమ్మదిస్తుంది కానీ తిన్నగానే పోతుంది. ఏటవాలుగా తగిలినప్పుడే వంగుతుంది. ఎడ్లబండి గట్టి బాట మీంచి ఏటవాలుగా ఇసుకలోకి దిగుతుందనుకోండి, ముందు దిగిన చక్రం నెమ్మదిస్తుంది, రెండో చక్రం ఇంకా పాత జోరులోనే ఉంటుంది, దాంతో బండి మొత్తం ముందు దిగిన చక్రం వైపు తిరుగుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి దిగితే బండి తిరగదు. వంపు జరిగేది ఆ హద్దు దగ్గరే. లెన్సు లోపల కిరణం తిన్నగానే ఉంటుంది, ముందు తలం దగ్గర ఒకసారి, వెనక తలం దగ్గర ఒకసారి వంగుతుంది.

హద్దుకి రెండు వైపులా ఇండెక్సు ఒకటే అయితే ఏమవుతుందో కళ్ళతో చూడాలంటే పూలకుండీల్లో అలంకారానికి వేసే రంగులేని జెల్ గోళీలు కొనండి. రాత్రంతా నానబెడితే ద్రాక్షపండంత అవుతాయి. అరచేతిలో పెట్టుకుంటే గాజు గోళీలా మెరుస్తాయి, వెనక అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయి. గ్లాసుడు నీళ్ళలో వేయండి, మాయం. వేలు పెట్టి తడిమితే చేతికి తగులుతాయి, కంటికి కనబడవు. అందులో ఉన్నది దాదాపు అంతా నీరే కాబట్టి ఇండెక్సు కూడా నీటిదే, గోళీకి అంచు ఉన్నా కాంతికి అక్కడ అంచున్న సంగతే తెలియదు. మా షాపుకి వచ్చే పిల్లలకి ఇది చూపిస్తుంటాను, పెద్దవాళ్ళు కూడా ఆగి చూస్తారు.

మీ పాత కళ్ళజోడుతో కూడా ఇలాంటిదే చేయొచ్చు. బకెట్టు నీళ్ళలో ముంచి, నీళ్ళలో ఉంచే దానిలోంచి బకెట్టు అడుగున ఉన్న గీతనో మచ్చనో చూడండి. గాలిలో ఉన్నప్పుడు చిన్నగా కనిపించేది, నీళ్ళలో అంత చిన్నగా కనిపించదు. 1.60 లెన్సుకీ నీటికీ మధ్య తేడా గాలితో ఉన్న తేడాలో సగం కూడా లేదు, అందుకే మైనస్ 7 లెన్సు అక్కడ మైనస్ 3 లాగే పనిచేస్తుంది. బావిలో మునిగి కళ్ళు తెరిస్తే మంచి చూపున్నవాళ్ళకి కూడా అంతా మసకగా ఉండేది ఇందుకే. మన కంటికున్న మొత్తం దాదాపు 60 డయాప్టర్ల (మీ మైనస్ 7 ని కొలిచేది కూడా ఈ ప్రమాణంతోనే) శక్తిలో 43 దాకా ముందున్న కార్నియాదే, దాని ఇండెక్సు 1.376, అది గాలికి ఆనుకుని ఉంటేనే పని చేస్తుంది. నీళ్ళు తగలగానే ఆ శక్తి దాదాపు అంతా పోతుంది. ఈత కళ్ళద్దాలు చేసే పని కంటి ముందు ఇంత గాలిని నిలబెట్టడమే.

ఇప్పుడు అసలు విషయం. లెన్సు పవరు రెండింటి గుణకారం: ఇండెక్సులోంచి 1 తీసేయగా మిగిలింది, తలం వంపు. మైనస్ 7 కావాలి, పదార్థం సీఆర్-39. ముందు వైపు చదునుగా ఉందనుకుంటే వెనక వైపు 7.1 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న బంతి అద్దితే పడేంత గుంట కావాలి. అదే మైనస్ 7 ని 1.74 లో చేస్తే 10.6 సెంటీమీటర్ల బంతి గుంట చాలు, అంటే తక్కువ లోతు. తక్కువ లోతంటే అంచు పలచన. అంతే తేడా. మీ కంటికి చేరే కాంతి రెండింటిలోనూ ఒక్కలాగే, 14.3 సెంటీమీటర్ల దగ్గర నుంచి బయల్దేరినట్టే విప్పుకుంటుంది. మైనస్ 7 అంటే అర్థమే అది. 1.74 మొత్తమ్మీద కాంతిని ఎక్కువ వంచట్లేదమ్మా, అంతే వంపుని తక్కువ గుంటతో సాధిస్తోంది. చూపు పదును దీనివల్ల రవ్వంత కూడా పెరగదు. షాపులో "క్లారిటీ ఎక్కువ" అని చెప్పి ఇండెక్సు అమ్మితే అది తప్పు, నేను ఒప్పుకోను. కళ్ళు చిన్నగా కనిపించడం, ముఖం అంచు లెన్సులోంచి లోపలికి నొక్కుకున్నట్టు కనిపించడం కూడా పవరు వల్ల వచ్చేవే. ఇండెక్సు మార్చి పెద్దగా తగ్గించలేం, ఫ్రేము కంటికి దగ్గరగా కూర్చుంటే కాస్త తగ్గుతాయి.

ఇక రంగులు. ఏ పదార్థమైనా అన్ని రంగుల్నీ ఒకే మోతాదులో వంచదు. నీలాన్ని ఎక్కువ, ఎరుపుని తక్కువ వంచుతుంది. పదో తరగతిలో పట్టకంలోంచి తెల్లకాంతి ఏడు రంగులుగా విడిపోవడం చదివే ఉంటారు. లెన్సు మధ్య భాగం చదును పలకలాంటిది, అంచుకి పోయేకొద్దీ పట్టకంలాంటిది. మీరు తిన్నగా చూసినంతసేపూ పలకలోంచి చూస్తారు, కన్ను పక్కకి తిప్పారంటే పట్టకంలోంచి చూస్తారు. ఆ పట్టకం బలం ఎంతో లెక్క చాలా తేలిక: మధ్య నుంచి ఎన్ని సెంటీమీటర్లు పక్కకి పోయారో దాన్ని పవరుతో గుణించడమే. మైనస్ 7 లో 1 సెంటీమీటరు పక్కకి పోతే 7 ప్రిజం డయాప్టర్లు, అంటే ఒక మీటరు దూరంలో వస్తువు 7 సెంటీమీటర్లు జరిగినట్టు. ఇది ఏ ప్లాస్టిక్కయినా ఒకటే.

మారేది రంగులు విడిపోయే తీరు. దానికి ఎర్నెస్ట్ అబే పేరు మీద ఒక అంకె ఉంది. ఈయన జర్మనీలోని యేనాలో జైస్ కంపెనీతో పనిచేసి, ఒట్టో షాట్‌తో కలిసి 1884 లో కొత్త రకం గాజులు తయారుచేసే కార్ఖానా పెట్టించిన భౌతిక శాస్త్రవేత్త. అబే నంబరు ఎక్కువైతే రంగులు తక్కువ విడిపోతాయి, తక్కువైతే ఎక్కువ విడిపోతాయి. సీఆర్-39 కి 58, గాజుకి కూడా ఇంచుమించు అంతే. 1.60 కి 41 దగ్గర. 1.67 కి 32, 1.74 కి 33. పాలీకార్బొనేట్‌కి 30. ప్రిజం బలాన్ని ఈ అంకెతో భాగిస్తే రంగులు ఎంత విడిపోయాయో వస్తుంది. 7 ని 58 తో భాగిస్తే 0.12. మీ పాత 1.60 లో 0.17. కొత్త 1.74 లో 0.21. మా పనిలో మామూలుగా 0.1 దాటితే మనిషి గమనించడం మొదలుపెడతాడని లెక్క వేసుకుంటాం. అంటే మీకు పాత కళ్ళజోడులో కూడా రంగులు ఉండే ఉంటాయి, మెదడు వాటిని అలవాటుగా పక్కనపెట్టేసింది. ఇప్పుడు కొంచెం పెరిగాయి, పైగా కొత్త కళ్ళజోడు కాబట్టి మనసంతా దాని మీదే ఉంది.

పాత శాస్త్రవేత్తలు కూడా ఈ రంగులతో చాలా అవస్థ పడ్డారు. ఎక్కువ వంచే పదార్థం ఏదైనా అదే నిష్పత్తిలో రంగుల్ని కూడా విడగొడుతుందని న్యూటన్ అనుకున్నాడు, అందుకే లెన్సులతో రంగుల్లేని దూరదర్శిని కుదరదని చెప్పి అద్దంతో చేసుకున్నాడు. ఆయన అంచనా తప్పని తర్వాత తేలింది. వంచే గుణం వేరు, విడగొట్టే గుణం వేరు. 1.59 పాలీకార్బొనేట్, 1.60 ప్లాస్టిక్కు పక్కపక్కన పెట్టి చూడండి, వంచడంలో దాదాపు సమానం, రంగుల్లో 30 కీ 41 కీ మధ్య అంత తేడా. ఈ కిటుకుతోనే రెండు రకాల గాజుల్ని జతచేసి ఒకటి విడగొట్టిన రంగుల్ని రెండోది కలిపేసేలా చేశారు, లండన్లో జాన్ డాలండ్ 1758 లో దానికి పేటెంటు తీసుకున్నాడు. కెమెరాల్లో, బైనాక్యులర్లలో ఇప్పటికీ అదే పద్ధతి. కళ్ళజోడుకి మాత్రం రెండేసి లెన్సులు అతికిస్తే ముక్కు మోయలేదు, అందుకే మనకి పదార్థం ఎంచుకోవడమే దారి.

ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ కింద ఒక ఇంజినీరింగ్ కుర్రాడు, మైనస్ 8, పగలవు కదా అని అతనికి పాలీకార్బొనేట్ వేసిచ్చాను. వారానికి తిరిగొచ్చి తెల్లబోర్డు మీద రాసిన గీతల పక్కన ఊదా గీతలు కనబడుతున్నాయన్నాడు. పవరు చూశాను, సరిగ్గా ఉంది. అలవాటవుతుంది బాబూ అని పంపేశాను. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి వచ్చినప్పుడు అతని మొహం చూసి బాధేసి, ఆ కళ్ళజోడు చేత్తో పట్టుకుని అంచులోంచి సగం దించిన మా షట్టరు వైపు చూశాను. వెనక ఎండ, ముందు షట్టరు పలకల చీకటి, ఒక్కో పలకకి పైన ఒక రంగు, కింద ఒక రంగు. అప్పుడడిగాను, క్లాసులో ఎక్కడ కూర్చుంటావని. మొదటి బెంచీలో, బోర్డుకి బాగా పక్కగా. రోజంతా అతను లెన్సు అంచులోంచే చూస్తున్నాడు. 8 ని 30 తో భాగిస్తే 0.27. నా ఖర్చుతో 1.60 వేసిచ్చాను, మళ్ళీ ఆ ఫిర్యాదు రాలేదు. ఆ రోజు నుంచి పెద్ద మైనస్ ఉన్నవాళ్ళని ఏం పని చేస్తారు, ఎటువైపు కూర్చుంటారు అని అడక్కుండా లెన్సు రాయను. పాలీకార్బొనేట్‌ని తీసిపారేయట్లేదు, దెబ్బ తట్టుకోవడంలో మంచి పదార్థం, చిన్నపిల్లలకి, ఆటలాడేవాళ్ళకి, ఒక కన్ను మాత్రమే పనిచేసేవాళ్ళకి నేనే అది రాస్తాను.

ఇప్పుడు మీ మందం సంగతి, ఇక్కడే మీకు అసలు అన్యాయం జరిగింది. మైనస్ లెన్సు మధ్యలో పలచన, అంచుకి పోయేకొద్దీ మందం. ఆ పెరుగుదల మధ్య నుంచి దూరానికి వర్గంలో పెరుగుతుంది. దూరం 10 శాతం పెరిగితే మందం 21 శాతం పెరుగుతుందన్నమాట. దూరాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని పవరుతో గుణించి, ఇండెక్సులోంచి 1 తీసేసిన దానికి 2000 రెట్లతో భాగించండి. సుమారు లెక్కే కానీ షాపులో నిలబడి చేసుకోవడానికి చాలు.

మీ పాత ఫ్రేము 48-18. రెండూ కలిపితే 66, అందులోంచి పీడీ 60 పోతే 6, కంటికి 3 మిల్లీమీటర్ల చొప్పున లెన్సు మధ్యభాగం ముక్కు వైపుకి జరగాలి. అంటే చెవి వైపు అంచు మధ్య నుంచి 24, 3 కలిపి 27 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. 1.60 లో లెక్క వేస్తే 4.25 మిల్లీమీటర్లు. కొత్త ఫ్రేము 54-18. కలిపితే 72, పీడీ పోతే 12, కంటికి 6. చెవి వైపు అంచు 27, 6 కలిపి 33 మిల్లీమీటర్లు. 1.74 లో కూడా 5.15 వస్తోంది. మధ్యలో ఉండే ఒక మిల్లీమీటరు పైచిలుకు మందం రెంటికీ కలపండి, మీ పాతది ఐదున్నర, కొత్తది ఆరు దాటింది. ఖరీదైన ప్లాస్టిక్కు తెచ్చిన లాభం అంతా 6 మిల్లీమీటర్లు పెద్దదైన ఆ ఫ్రేము తినేసింది. పాత సైజు ఫ్రేములోనే 1.67 వేస్తే 3.8, 1.74 వేస్తే 3.45 వచ్చేది. ఫ్రేము చిన్నదైతే 1.60 కీ 1.74 కీ మధ్య తేడా 0.8 మిల్లీమీటరు మాత్రమే, ఫ్రేము మారిస్తే 1.74 లోనే తేడా 1.7. ఏది ముందు చూసుకోవాలో మీకే తెలుస్తోంది.

ఇంకో లాభం కూడా ఉంది ఈ లెక్కతో. చెవి వైపు అంచుని స్కేలుతో కొలవండి. ఆరు, ఆరుంపావు దగ్గర వస్తే మీ లెన్సు 1.74 అని నమ్మొచ్చు. ఏడున్నర దాటితే 1.60 వేసి ఉంటారేమోనని అడగాల్సిందే, ఆ ఫ్రేములో 1.60 అంత వస్తుంది.

మెరుపు గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఇండెక్సు పెరిగేకొద్దీ తలం మీద నుంచి వెనక్కి కొట్టే కాంతి కూడా పెరుగుతుంది. సీఆర్-39 ఒక్కో తలం 4 శాతం వెనక్కి పంపిస్తే 1.74 దాదాపు 7 శాతం పంపిస్తుంది, రెండు తలాలూ కలిస్తే 14 దగ్గర. అందుకే యాంటీ రిఫ్లెక్షన్ కోటింగు లేకుండా 1.67, 1.74 వేయించుకోకూడదు. మీదాంట్లో ఉండే ఉంటుంది, బల్బు ప్రతిబింబం ఆకుపచ్చగానో నీలంగానో పడితే ఉన్నట్టే.

నేల వాలుగా ఉండటానికి కొంత కారణం కొత్త లెన్సు తలం వంపు, దానికి వారం పది రోజుల్లో మెదడు సర్దుకుంటుంది. కానీ నాకు అనుమానం ఫిట్టింగు మీద ఉంది. పెద్ద ఫ్రేముల్లో లెన్సుని ముక్కు వైపుకి 6 మిల్లీమీటర్లు జరపాలి అన్నాను కదా, పైకి కూడా జరపాలి, ఎందుకంటే పెద్ద ఫ్రేములో కనుపాప నట్టనడుమ ఉండదు, కాస్త పైన ఉంటుంది. ఎత్తు కొలవకుండా నడిమిలో పెట్టి కోసేస్తే, మీరు తిన్నగా చూస్తున్నా లెన్సు మధ్యభాగానికి 4 మిల్లీమీటర్లు పైనుంచి చూస్తున్నారన్నమాట. మైనస్ 7 లో అది 2.8 ప్రిజం, ఒక మీటరు దూరంలో వస్తువు 2.8 సెంటీమీటర్లు జరిగినట్టు. మెట్లు దిగేటప్పుడు కాళ్ళ వైపు చూస్తే ఆ బలం ఇంకా మారుతుంది, ఆ మారేటప్పుడే తూలినట్టు ఉంటుంది.

ఇది ఇంట్లో ఇలా చూడండి. కళ్ళజోడుని చేయి చాచినంత దూరంలో పట్టుకుని ఒక్క కన్నుతో లెన్సులోంచి తలుపు నిలువు అంచుని చూడండి. లెన్సులో కనిపించే గీత, లెన్సు పైనా కిందా కనిపించే గీతతో అతకకుండా పక్కకి జరిగి ఉంటుంది. కళ్ళజోడుని నెమ్మదిగా అటూ ఇటూ జరపండి, ఒకచోట మూడు ముక్కలూ ఒకే గీతగా కలుస్తాయి. అక్కడ స్కెచ్ పెన్నుతో చిన్న చుక్క పెట్టండి. ఇంకో లెన్సుకీ అలాగే. రెండు చుక్కల మధ్య దూరం 60 మిల్లీమీటర్లు రావాలి. ఒకటి అటూ ఇటూ అయితే ఫరవాలేదు, 64, 66 వచ్చిందంటే వాళ్ళు తప్పుగా కోశారు, తిరిగి చేసివ్వమని నిలదీసి అడగండి, అది మీ హక్కు. అడ్డగీతతో కూడా చేసి ఎత్తు చూసుకోండి, పెట్టుకుని అద్దంలో చూస్తే చుక్క కనుపాప మీదగానీ రెండు మూడు మిల్లీమీటర్లు కిందగానీ ఉండాలి. పవరు మీద అనుమానం ఉంటే ఏ ఆప్టికల్ షాపుకైనా పట్టుకెళ్ళండి, లెన్సోమీటరులో రెండు నిమిషాల పని, అంకెలు కాగితం మీద రాయించుకోండి.

అన్నీ సరిగ్గా ఉండి రంగులు మాత్రమే ఇబ్బంది అయితే రెండు వారాలు అదే కళ్ళజోడు రోజంతా పెట్టుకుని చూడండి, మధ్యలో పాతది పెట్టుకోవద్దు, మార్చి మార్చి పెడితే మెదడు దేనికీ అలవాటు పడదు. కంప్యూటరు ముందు పక్క చూపు చూడకుండా తల తిప్పండి. కొత్తది కొనగలిగితే నా సలహా: 48 గానీ 47 గానీ సైజులో, గుండ్రంగానో కోడిగుడ్డు ఆకారంలోనో ఉన్న అసిటేట్ (మందపాటి ప్లాస్టిక్కు) ఫ్రేము, మీ కనుపాప ఫ్రేములో వీలైనంత నడుమకి వచ్చేలా, అందులో 1.60. అంచు నాలుగుంపావుకి మధ్య మందం కలిపితే ఐదున్నర అవుతుంది, అందులో చాలా భాగం ఆ ఫ్రేము మందంలోనే దాక్కుంటుంది. ఇంకా పలచన కావాలంటే 1.67, కానీ రంగుల్లో మీకిప్పుడున్న దానికంటే మెరుగేమీ ఉండదు. 1.74 ని నేను మైనస్ 9, 10 దాటినవాళ్ళకి, అదీ చిన్న ఫ్రేము ఒప్పుకున్నాకే రాస్తాను. రిమ్‌లెస్ మీ పవరుకి వద్దు, అంచంతా బయటికి కనిపిస్తుంది. కాంటాక్ట్ లెన్సులు పడితే ఈ గొడవే లేదు, అవి కన్నుతోపాటు తిరుగుతాయి కాబట్టి ఎప్పుడూ మధ్యలోంచే చూస్తారు. కంటికి అంటి ఉంటాయి కాబట్టి మైనస్ 7 కాస్తా దాదాపు మైనస్ 6.5 అవుతుంది, ఆ లెక్క కంటి డాక్టరే చూస్తారు.

డాక్టరు మాట వచ్చింది కాబట్టి ఇదీ రాస్తున్నాను. మైనస్ 6 దాటిన కన్ను మామూలు కన్నుకంటే పొడవుగా సాగి ఉంటుంది, వెనక రెటీనా పలచబడే ప్రమాదం ఎక్కువ. లెన్సు పలచగా ఉన్నా మందంగా ఉన్నా దానికి సంబంధం లేదు. ఏడాదికోసారి చుక్కలు వేయించి రెటీనా పరీక్ష చేయించుకోండి. ఉన్నట్టుండి మెరుపులు కనిపించినా, నల్ల చుక్కలు గుంపుగా తేలినా, ఒక పక్క తెర దించినట్టు అయినా లెన్సు రంగులేమో అని ఆగకండి, ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళండి.

తేడా ఎలా గుర్తుపట్టాలంటే, పగలు ఆకాశం వైపున్న కిటికీ ఊచని చూడండి. చూపు ఊచ మీదే ఉంచి తల మాత్రం ఎడమకి తిప్పండి, ఊచకి ఒక అంచున నీలం, ఇంకో అంచున పసుపు వస్తాయి. ఇప్పుడు తల కుడికి తిప్పండి, రంగులు అటువి ఇటు మారిపోతాయి. తిన్నగా చూస్తే రెండూ పోతాయి, కళ్ళజోడు తీసేస్తే అసలే ఉండవు. ఇలా ఉంటే అది లెన్సు పనే. కళ్ళజోడు తీసినా, కళ్ళు మూసినా ఉంటే అది లెన్సుది కాదు. చుక్కల మధ్య ఎంత దూరం వచ్చిందో కొలిచి రాయండి, ఫిట్టింగు సంగతి దాన్ని బట్టి చెబుతాను.